పొగగొట్టంలో మసి

కట్టెల పొయ్యి మీద గిన్నెకి పట్టిన మసిని అమ్మమ్మ బూడిదతో తోమితే పోయేది. ఇక్కడ అమెరికాలో మన ఇళ్ళ ఫైర్‌ప్లేస్ పొగగొట్టంలో పట్టేది వట్టి మసి కాదు, క్రియోసోట్. పచ్చికట్టెల పొగ పైకి పోతూ చల్లబడి, తారులా లోపలి గోడకి అంటుకుంటుంది. అది అంటుకుంటే గొట్టమే మండుతుంది. అంగుళంలో ఎనిమిదో వంతు మందం చేరితే తీయించాల్సిందే. ఏడాదికోసారి పరీక్ష చేయించమని ఎన్.ఎఫ్.పి.ఎ. 211 ప్రమాణం చెబుతోంది. డబ్బు దండగని నేను మూడేళ్ళు మానేశాను. నాలుగో ఏట శుభ్రం చేసే అతను లైటు వేసి చూపిస్తే నోట మాట రాలేదు!

కట్టెల్లో తేమ 20 శాతం లోపు ఉండాలి. గొట్టం పూడుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకే వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు కాబట్టి పడకగదుల దగ్గర అలారం తప్పనిసరి. బూడిదలో నిప్పు రోజుల తరబడి దాగి ఉంటుంది. మూత ఉన్న ఇనపడబ్బాలోకి ఎత్తి, ఇంటికి దూరంగా పెట్టండి.