గుండె కవాట చికిత్స – రక్తఫలకికల లెక్క

గుండె కవాటము చెడి, దాని స్థానమున కొత్త కవాటము అమర్చబడినవారు నేడు మన గ్రామములలోను కలరు. చిన్ననాట గొంతునొప్పి వెంట వచ్చు కీళ్లవాత జ్వరము కవాటములను పాడుచేయుట మన దేశమున ఈ వ్యాధికి ఒక ముఖ్య కారణము. ఇట్టి రోగి ఇల్లు చేరినంత మాత్రమున గండము గడచినదని తలపరాదు. అతని రక్తమునందలి ఒక చిన్న లెక్కను కనిపెట్టియుండవలెను. పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన ఆ విషయమును ఇచట వివరించుచున్నాము.

ఫలకికలు అననేమి?

రక్తమునందు ఎర్రకణములు, తెల్లకణములు గాక, మిక్కిలి చిన్నవైన ఫలకికలు కలవు. వీనినే ప్లేట్‌లెట్లు అందురు. కొడవలి తగిలి వ్రేలు తెగినపుడు మొదట గాయమును మూయునవి ఇవియే. ఘన మిల్లీమీటరు రక్తమునందు ఇవి లక్షన్నర మొదలు నాలుగున్నర లక్షల వరకు ఉండును. ఒక్కొక్కటి 7 మొదలు 10 దినములు జీవించును.

లెక్క ఏల తగ్గును?

ఛాతీ తెరచి చికిత్స చేయునపుడు రక్తము యంత్రము గుండా ప్రవహించుటచే కొన్ని ఫలకికలు నశించును. 2002లో ఫ్రాన్సు దేశమున డాక్టరు క్రిబియే మొదటిసారి జరిపిన, రక్తనాళము గుండా కవాటమును అమర్చు పద్ధతియందును ఈ తగ్గుదల కలదు. సాధారణముగా లెక్క రెండు మొదలు నాలుగు దినములలో అడుగునకు దిగి, వారము పది దినములలో కోలుకొనును. అందులకు భయపడనక్కరలేదు. లెక్క మిక్కిలిగా పడిపోయి, కోలుకొనని రోగులలో రక్తస్రావము, మరణము హెచ్చుగా కనబడినవి.

అయినను పొగ నిప్పునకు గుర్తేకాని నిప్పు కాదు. లెక్క తగ్గగానే ఫలకికలను ఎక్కింపుడని పట్టుపట్టరాదు. హెపారిన్ అను మందువలన 5 మొదలు 10 దినములలో లెక్క పడిపోవుట కలదు. అపుడు రక్తము కారుటకంటె గడ్డకట్టుటయే పెద్ద అపాయము. కారణమును నిర్ణయింపవలసినది వైద్యుడే.

మనము చేయవలసినది

లోహ కవాటము గలవారు రక్తము గడ్డకట్టకుండ చేయు మాత్రలను జీవితాంతము వాడవలెను. ఒంట్లో కులాసాగానున్నదని మానినచో కవాటముపై గడ్డ ఏర్పడి ప్రాణమునకే ముప్పు రావచ్చును. చిగుళ్లనుండి నెత్తురు, చర్మముపై కమిలిన మచ్చలు, నల్లని విరేచనము, జ్వరము, మాట తడబడుట కనబడినచో ఆలసింపక ఆసుపత్రికి పంపవలెను. నియమిత దినములకు రక్తపరీక్ష జరుగుచున్నదో లేదో ఆశా కార్యకర్త ద్వారా విచారింపుడు.

రక్తదానము మరియొక కర్తవ్యము. సేకరించిన ఫలకికలు సాధారణముగా 5 దినములే నిలువయుండును. కావున దాతలు ఎల్లప్పుడును కావలెను. ఉద్యోగ పరీక్షలకై మన గ్రామముల యువకులు అనేకులు హైదరాబాదులో అశోక్‌నగర్‌నందు బసచేసి, చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయమున చదువుకొనుచున్నారు. అచటికి సమీపముననే, నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో రక్తనిధి కలదు. 18 ఏండ్లు నిండి, 45 కిలోల బరువుండి, ఆరోగ్యవంతులైనవారు దానమునకు ముందుకు రావచ్చును. పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకమారు ఇయ్యవచ్చును. పట్టణమునకు పోయిన మన బిడ్డలకు ఈ మాట చేరవేయుడు. వారిచ్చు రక్తము ఏ పల్లెనుండి వచ్చిన రోగినైనను కాపాడవచ్చును.