పదేళ్ల దగ్గరే ఆగిపోయిన చెయ్యి

హనుమకొండ సుబేదారి ఆర్ట్స్ కాలేజీ మైదానంలో పొద్దున్నే నడవడానికి వచ్చేవాళ్లలో నలభై దాటినవాళ్లే ఎక్కువ. దగ్గర్లోనే కలెక్టరేట్, కోర్టులు, కాలేజీలు ఉన్నాయి కాబట్టి గుమాస్తాలు, వకీళ్లు, లెక్చరర్లు, రిటైరైన సార్లు అందరూ అక్కడ కలుస్తారు. ఇలాంటి చోట షుగరు, పెన్షను, పిల్లల పెళ్లిళ్ల ముచ్చట్ల నడుమ ఎవరో ఒకరి నోట ఈ తరహా మాట రాక మానదు: "చిన్నప్పుడు నేను మస్తు పాడేటోణ్ని", "డ్రాయింగ్‌ల ప్రైజంటే నాకే", "టెన్త్ అడ్డమొచ్చింది గానీ స్టేట్‌కు ఆడేటోణ్ని". పక్కవాళ్లు నవ్వి ఊరుకుంటారు. ముప్పై ఏళ్ల నాటి సంగతి ఇంకా నోటికొస్తోందంటే లోపల ఏదో తేలకుండా మిగిలిపోయిందన్నమాట. ఆ బాధ నిజమే గానీ, దానికి మనం చెప్పుకునే కారణం తప్పని నా అభిప్రాయం. పాడే పిల్లాడు గాయకుడు కానంత మాత్రాన బతుకు చెడదు. గొంతు బాగున్నవాళ్లలో నూటికి తొంభై మంది వేరే పనులే చేసుకుంటున్నారు, హాయిగానే ఉన్నారు. ఆ గొంతు ఎంతటిదో ఒక్కసారైనా గట్టిగా పరీక్షకు నిలబడక ముందే దాన్ని అటకెక్కించడం దగ్గరే అసలు నష్టం మొదలవుతుంది.

అటకెక్కించే వయసు మన దగ్గర దాదాపు ఖాయం. తొమ్మిదో తరగతి సగంలో డ్రిల్లు పీరియడు లెక్కల సారు చేతికి పోతుంది. పదో తరగతిలో సంగీతం క్లాసు మానిపిస్తారు, "పరీక్షలయ్యాక చూద్దాం" అంటారు. పరీక్షలయ్యాక నక్కలగుట్ట చుట్టుపక్కల ఏదో ఒక కాలేజీ హాస్టల్లో ఎంపీసీయో బైపీసీయో మొదలవుతుంది. ఇక చూసేదేమీ ఉండదు. మగపిల్లలకు గొంతు మారేది కూడా సరిగ్గా ఈ వయసులోనే. ఎవరైనా గురువు పక్కనుండి శ్రుతి తగ్గించి పాడించాల్సిన రోజుల్లో పాట మానేస్తే, మారిన గొంతుతో తను ఎలా పాడతాడో ఆ పిల్లాడికి ఎప్పటికీ తెలియదు. అంతకు ముందు తరగతుల విషయంలో చట్టం వైపు నుంచి లోటు లేదు: 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలున్న బడికి చిత్రకళకు, వ్యాయామానికి, పని విద్యకు పార్ట్‌టైం బోధకులు ఉండాలి. మీ వీధి బడిలో ముగ్గురూ ఉన్నారేమో ఒకసారి అడిగి చూడండి.

ఇలా ఆగిన నైపుణ్యం ఏమవుతుందో అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది బొమ్మల్లో. చిన్నప్పుడు బాగా గీసేవాణ్నని చెప్పే పెద్దమనిషి చేతికి పెన్సిలిచ్చి ఒక మొహం గీయమనండి. కళ్లను తలకాయలో పైకెక్కడో పెడతాడు. నిజానికి మనిషి తల ఎత్తుకు కళ్లు సరిగ్గా నడిమధ్యన ఉంటాయి. నుదురు, జుట్టు కలిసి పైసగం ఆక్రమిస్తాయి. శిక్షణ లేని కన్ను ముక్కు, నోరు, కళ్లకే ప్రాధాన్యమిస్తుంది గనుక పైసగాన్ని కుదించేస్తుంది. చెవిని మూడు అంకెలా గీస్తాడు, ముక్కుకు రెండు చుక్కలు పెడతాడు. అమెరికాలో చిత్రలేఖనం నేర్పిన బెటీ ఎడ్వర్డ్స్ 1979లో అచ్చయిన తన పుస్తకంలో ఈ సంగతే చెప్పింది: మామూలు పెద్దవాళ్ల బొమ్మ పది, పన్నెండేళ్ల దగ్గర గీత వదిలేసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఆ మనిషి ఇప్పుడు ఫైళ్లు రాయగలడు, బడ్జెట్ తయారు చేయగలడు, పదిమంది తగాదా తీర్చగలడు. చెయ్యి మాత్రం ఆరో తరగతిలోనే ఉంది. తను మంచి చిత్రకారుణ్నన్న నమ్మకం కూడా ఆరో తరగతిలోదే, కాకపోతే అది ఏటేటా కాస్త పెరిగింది.

ఈ పెరిగిన నమ్మకమే వ్యక్తిత్వం మీద పనిచేస్తుంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్ 1990లలో మనుషుల పశ్చాత్తాపాలను పరిశీలించారు. దగ్గరి కాలంలో మనల్ని బాధపెట్టేవి చేసిన పొరపాట్లు. జీవితం మొత్తాన్ని వెనక్కి చూసుకున్నప్పుడు ఎక్కువగా సలిపేవి చేయకుండా వదిలేసిన పనులు. కారణం ఊహించడం కష్టం కాదు. చేసి చెడగొట్టుకున్న పనికి ఒక హద్దుంటుంది: ఇంత పోయింది, ఇంత నేర్చుకున్నాం అని లెక్క తేలుతుంది. చేయని పనికి హద్దే లేదు, దాని ఫలితాన్ని ఊహలో ఎంతైనా పెంచుకోవచ్చు. జిల్లా సెలక్షన్‌లో ఓడినవాడు నాలుగు రోజులు ఏడ్చి మరో పనిలో పడతాడు. సెలక్షన్‌కే వెళ్లనివాడు యాభై ఏళ్లొచ్చినా రాష్ట్ర జట్టులోనే ఉంటాడు. అలాంటి మనిషి కొత్తగా ఏదీ మొదలుపెట్టడానికి ఇష్టపడడు, ఎందుకంటే మొదలుపెడితే తప్పులు బయటపడతాయి. టీవీలో పాడే పిల్లల శ్రుతి తప్పులు మాత్రం ముందు అతనికే వినిపిస్తాయి. ఆఫీసులో తనకంటే చిన్నవాడు బాగా పనిచేస్తే, "మాకు అవకాశాలు లేవు గానీ..." అన్న మాట వెంటనే సిద్ధమవుతుంది. ఒక్కసారీ పరీక్షకు నిలబడని ప్రతిభ ఇలా వినయాన్నీ, సాహసాన్నీ రెంటినీ తినేస్తుంది.

ఇక్కడ అడగదగిన ప్రశ్న ఒకటుంది: చిన్నప్పుడు బాగా పాడినవాళ్లందరికీ నిజంగా ప్రతిభ ఉన్నట్టేనా? ఆగస్టు పదిహేనున బడిలో వచ్చిన ప్రైజు, చుట్టాల చప్పట్లు ఏ పాటి రుజువు? ఈ అనుమానం సబబే. స్టాన్‌ఫర్డ్‌లో లూయిస్ టెర్మన్ 1921లో కాలిఫోర్నియా బడుల నుంచి తెలివితేటల పరీక్షలో ముందున్న దాదాపు 1,500 మంది పిల్లల్ని ఎంచి, వాళ్ల జీవితాలను దశాబ్దాల పాటు గమనించే పని మొదలుపెట్టాడు. చాలామంది బాగా చదువుకుని మంచి ఉద్యోగాల్లో స్థిరపడ్డారు గానీ నోబెల్ ఒక్కరికీ రాలేదు. ఆ పరీక్షలో నెగ్గక జాబితాకెక్కని పిల్లల్లో విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్ ఉన్నారు. వాళ్లకు భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, ఒకరికి 1956లో, ఇంకొకరికి 1968లో. బెంజమిన్ బ్లూమ్ బృందం దీన్ని అటువైపు నుంచి చూసింది. ఒలింపిక్ ఈతగాళ్లు, టెన్నిస్ ఆటగాళ్లు, పియానో విద్వాంసులు, శిల్పులు, గణితవేత్తలు, నాడీశాస్త్ర పరిశోధకులు కలిపి 120 మంది బాల్యాన్ని తవ్వి తీసి 1985లో పుస్తకం వేసింది. పది, పన్నెండేళ్ల వయసులో వీళ్లలో చాలా కొద్దిమందిని చూసి మాత్రమే ఇంత పైకొస్తారని చెప్పగలిగేవాళ్లట. మొదటి గురువులు కూడా గొప్పవాళ్లేమీ కారు. ఆప్యాయంగా ఉండి, పిల్లలకు ఆ పని మీద ఇష్టం కలిగించిన మామూలు మనుషులు. అంటే బాల్యంలో కనిపించేది ఒక సూచన మాత్రమే, అది తప్పు కూడా కావచ్చు. నా వాదనకు దీనివల్ల బలమే చేకూరుతుంది. సూచన నిజమో కాదో తేలాలంటే మరో నాలుగైదేళ్లు నడిపించి చూడాలి, మనం ఆపుతున్నది సరిగ్గా ఆ నాలుగైదేళ్లనే.

నడిపించి చూస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి మన ఉమ్మడి వరంగల్ జిల్లా దాటి పోనక్కర్లేదు. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వర్ధినేని ప్రణీత విలువిద్యలో 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. అదే ఊరి కూలీల బిడ్డ జీవాంజి దీప్తి 2024 మేలో జపాన్‌లోని కోబెలో జరిగిన పారా అథ్లెటిక్స్ ప్రపంచ పోటీల్లో, మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల విభాగంలో, 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. ఆ సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. కల్లెడ మట్టిలో ఏదో ఉందని అనుకోవడం సులభం. ఆ ఊళ్లో ఉన్నవి ఆటలను చదువులో భాగంగా చూసిన ఒక స్వచ్ఛంద సంస్థ బడి, పిల్ల పరుగును పట్టి చూసిన ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు. ఆ తర్వాత దీప్తిని కోచ్ నాగపురి రమేశ్ చేరదీశారు. ఊళ్లో వెక్కిరింపులు ఎదుర్కొన్న పిల్ల ఆమె. ఆ ఒక్క జత కళ్లు పడకపోతే ఇవాళ ఆమె పేరు మనకు తెలిసేది కాదు. ఇలాంటి పరుగులు ఎన్ని ఊళ్లలో లెక్కల పీరియడు కింద పోయాయో ఎవరు చెప్పగలరు?

అసలైన అభ్యంతరం వేరే ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం అన్యాయం. "పాటతో పొయ్యి వెలుగుతుందా?" అని అడిగే తండ్రి మూర్ఖుడు కాడు. ఓరుగల్లు చుట్టూ ఎన్నో ఇళ్లలో మొదటిసారి నెలజీతం తెచ్చింది ఇంజినీరింగ్ సీటో, టీచరు ఉద్యోగమో. ఒక తరం ఎక్కిన మెట్టు అది. తంబుర కోసం దాన్ని దిగమని ఎవరూ అనకూడదు, నేనూ అనను. కానీ ఇక్కడ రెండే దారులున్నట్టు మాట్లాడటంలోనే తిరకాసుంది: అయితే వృత్తి, లేదంటే సున్నా. ఈ ఊరివాళ్లే ఆ లెక్క తప్పని చూపించారు. 1932లో వరంగల్‌లో పుట్టిన నేరెళ్ల వేణుమాధవ్ బడిపంతులుగా పనిచేస్తూనే అనుకరణను సాధన చేశారు. 1971లో ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చారు, 2001లో పద్మశ్రీ అందుకున్నారు. ఇంకా గట్టి ఉదాహరణ పి.వి.నరసింహారావు. హనుమకొండలో చదువుకుని, ఇక్కడే పాములపర్తి సదాశివరావుతో కలిసి 'కాకతీయ పత్రిక' నడిపిన మనిషి. ఆ తర్వాత రాజకీయాలు ఆయన్ని పూర్తిగా లాగేసుకున్నాయి. అయినా విశ్వనాథ 'వేయిపడగలు' 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి వెళ్లింది ఆయన చేతుల మీదుగానే. మరాఠీ నవల 'అబల జీవితం'గా తెలుగులోకి వచ్చిందీ ఆయన వల్లే. ప్రధాని పదవి దిగాక 1998లో ఆంగ్లంలో సొంత నవల వెలువడింది. సాహిత్యం ఆయనకు ఏనాడూ జీతమివ్వలేదు. రోజుకో గంట దొరకడం లేదని మనం అంటున్నప్పుడు ఈ మనిషి దినచర్యను తలుచుకోవడం కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

తేలని ప్రతిభ మనతోనే ఆగితే కొంత నయం. అది పిల్లల మీదికి దిగుతుంది. నెదర్లాండ్స్‌లో ఎడీ బ్రుమెల్‌మన్ బృందం 73 మంది తల్లిదండ్రులతో చేసిన ప్రయోగం 2013లో వెలువడింది. తమ నెరవేరని కోరికలను తలుచుకోమని కొందరికి చెప్పి, పిల్లల విషయంలో వాళ్ల ఆశలేమిటో కనుక్కున్నారు. బిడ్డను తమలో ఒక భాగంగా చూసుకునే తల్లిదండ్రుల్లో, తాము పోగొట్టుకున్నది బిడ్డే తీర్చాలన్న కోరిక ఎక్కువైంది. మన ఇళ్లలో బిడ్డను తనకంటే వేరే మనిషిగా చూడగలిగిన అమ్మానాన్నలు ఎంతమంది? అందుకే తను డ్యాన్సు మానేసిన తల్లి కూతుర్ని కూచిపూడిలో చేర్పిస్తుంది. ఆ కూతురికి లెక్కలంటే ప్రాణం. ఆమె లెక్కల ఇష్టం కూడా రేపు ఇలాగే తేలకుండా మిగులుతుంది. తల్లే వెళ్లి ఆ క్లాసులో చేరితే ఇద్దరి సమస్యా తీరేది, కానీ నలభై రెండేళ్ల ఆవిడ చిన్నపిల్లల వరసలో నిలబడి అడుగులు వేయడానికి సిగ్గుపడుతుంది.

వయసు దాటాక కొన్ని తలుపులు నిజంగానే మూసుకుంటాయి. 400 మీటర్ల పరుగును యాభైలో మొదలుపెట్టి ఏ పతకమూ తేలేం. పాట, బొమ్మ, రాత, లెక్క, చదరంగం, వాద్యం విషయంలో ఆ నెపం చెల్లదు. వరంగల్‌లో విద్యారణ్య ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల ఉంది. సర్టిఫికెట్ కోర్సు నుంచి మొదలుపెట్టి నేర్పుతుంది. 2023లో లండన్ విశ్వవిద్యాలయ కళాశాల పరిశోధకులు 16 దేశాల్లో 65 దాటిన 93,263 మంది సమాచారాన్ని చూసినప్పుడు, ఏదో ఒక అభిరుచి ఉన్నవాళ్లలో దిగులు లక్షణాలు తక్కువగా, జీవితం పట్ల తృప్తి ఎక్కువగా కనిపించాయి. మనసు బాగున్నవాళ్లే అభిరుచి పెట్టుకుంటారేమో అన్న అనుమానం కొంత మిగులుతుంది. ఆ 16 దేశాల్లో మన దేశం లేదు కూడా. కాబట్టి దీన్ని మందుచీటీలా చూపించను. నాకు ముఖ్యమనిపించేది తృప్తి కంటే తేల్చుకోవడం. అందుకే ఒంటరిగా ఫోన్లో కరోకే పెట్టుకుని పాడుకోవడం చాలదు, అక్కడ తప్పు చెప్పేవాళ్లు ఉండరు. తప్పు చూపించే గురువు కావాలి, వారానికి రెండు మూడు రోజులైనా విడవకుండా సాధన కావాలి, ఏడాదికొకసారి నలుగురి ముందు నిలబడాలి.

అలా తేల్చుకోబోతే అసలు ప్రతిభే లేదని బయటపడితే? చాలామంది ఆగిపోయేది ఈ భయం దగ్గరే, పైకి చెప్పేది మాత్రం టైం లేదని. బయటపడే అవకాశం ఉంది, చాలామంది విషయంలో అదే జరుగుతుంది. సరళీవరసలు రెండో కాలంలో తడబడతాయి, గాంధారం ప్రతిసారీ కాస్త కిందికి జారుతుంది, పక్కన కూర్చున్న పన్నెండేళ్ల పిల్ల వారంలో నేర్చింది మనకు రెండు నెలలు పడుతుంది. అప్పుడు పోయేదల్లా "నేను గాయకుణ్నయ్యేవాణ్ని" అన్న మాట ఒక్కటే. దాని బదులు, గాంధారం జారిందని తనంతట తానే పట్టుకోగలిగిన చెవి మిగులుతుంది; ముందు వరసలో కూర్చుని ఆ పన్నెండేళ్ల పిల్ల పాట వింటున్నప్పుడు, ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుందో, ఏ సంగతిని ఎంత కష్టపడి సాధించిందో గుర్తించగలిగే శ్రోత తయారవుతాడు. టెన్త్‌కొచ్చిందని రేపు ఆ పిల్లను క్లాసు మానిపించబోతే, వాళ్ల నాన్నతో మాట్లాడటానికి అతని దగ్గర ఇప్పుడు కారణాలుంటాయి.