భావనపాడులో మంచినీటి అక్వేరియం: ఏ ఫిల్టరు మేలు?

ఫిల్టరంటే మురికిని పట్టే జల్లెడ అనుకుంటాం. అంతే కాదు. చేపల విసర్జనంలోని అమ్మోనియా విషం. ఫిల్టరులో పెరిగే బాక్టీరియా దానిని నైట్రైటుగా, ఆపైన అంత హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి.

ఆరడుగుల పొడవు, రెండేసి అడుగుల వెడల్పు, ఎత్తు గల తొట్టెలో సుమారు 680 లీటర్లు పడతాయి. ఆ నీరు గంటకు నాలుగైదుసార్లు తిరగాలంటే 3,000 లీటర్ల పంపు కావాలి. దీనికి అడుగున వేరే తొట్టె అమర్చే సంపు ఫిల్టరు మేలు: బాక్టీరియాకు చోటెక్కువ, కడగడం తేలిక.

మరి కరెంటు పోతే? 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక మన జిల్లాలో ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. నీరు తిరగకపోతే ప్రాణవాయువు అందక చేపలకూ, బాక్టీరియాకూ ముప్పే. కనుక బ్యాటరీ గాలిపంపుతో నడిచే స్పాంజి ఫిల్టరొకటి తోడుంచాలి. స్పాంజిని క్లోరిన్ నీటితో గాక తొట్టె నీటితోనే కడగాలి. కంటికి కనిపించని ఆ జీవులు బతికితేనే చేపలు బతుకుతాయి.