బ్రూనో క్రైస్కీ: ఆస్ట్రియాను 13 ఏళ్లు నడిపిన సోషలిస్టు

1911 జనవరి 22న వియన్నాలో ఓ సంపన్న యూదు కుటుంబంలో పుట్టిన బ్రూనో క్రైస్కీ కుర్రతనంలోనే సోషలిస్టు ఉద్యమంలో చేరారు. 1934లో పార్టీపై నిషేధం పడినా రహస్యంగా పనిచేసి, రాజద్రోహం కేసులో జైలుకు వెళ్లారు. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాక స్వీడన్‌లో తలదాచుకున్నారు. అక్కడి సంక్షేమ రాజ్యాన్ని దగ్గరుండి చూడటమే ఆయన తర్వాతి రాజకీయానికి పునాది అనుకోవచ్చు.

1955 మే 15న నాలుగు అగ్రరాజ్యాలతో కుదిరిన ఆస్ట్రియా ఒప్పందం చర్చల్లో ఆయనా ఉన్నారు. 1959 నుంచి 1966 దాకా విదేశాంగ మంత్రి.

1970లో మైనారిటీ ప్రభుత్వంతో ఛాన్సలర్ అయ్యారు. ఆ తర్వాత 1971, 1975, 1979 ఎన్నికల్లో వరుసగా సంపూర్ణ మెజారిటీ! బడిపిల్లలకు ఉచిత పాఠ్యపుస్తకాలు, విశ్వవిద్యాలయ ఫీజుల రద్దు, భార్యాభర్తలకు సమాన హక్కులిచ్చే కుటుంబ చట్టం ఆయన హయాంలోనివే. ఎదురుదెబ్బా ఉంది. ఆయన సమర్థించిన స్వెంటెన్‌డార్ఫ్ అణు విద్యుత్ కేంద్రం కట్టడం పూర్తయినా, 1978 నవంబరు 5 నాటి రెఫరెండంలో 50.47 శాతం మంది వద్దన్నారు. అది ఎప్పటికీ పనిచేయలేదు. చిత్రమేమంటే, మరుసటి ఏడాదే ఓటర్లు ఆయనకు 51 శాతం ఓట్లిచ్చారు.

యూదుడై ఉండీ 1979లో పాలస్తీనా నేత యాసర్ అరాఫత్‌ను వియన్నాకు ఆహ్వానించడం ఇజ్రాయెల్‌కు మింగుడుపడలేదు.

జవహర్‌లాల్ నెహ్రూ అంతర్జాతీయ అవగాహన పురస్కారం అందుకున్నవారిలో క్రైస్కీ ఒకరు. 1983లో మెజారిటీ పోగానే పదవి వదిలేశారు. 1990 జులై 29న వియన్నాలో కన్నుమూశారు.