కావలివాడు కాదన్నప్పుడు: గిట్ కమిట్ హుక్కుల దోషపరిశీలన

పరీక్షామందిరపు ద్వారం వద్ద హాల్ టికెట్ పరిశీలించే ఉద్యోగిని మనమందరం ఎరుగుదుము. అతడు ఒక విద్యార్థిని లోపలికి పోనీయలేదంటే కారణాలు పలు విధాలుగా ఉండవచ్చు. విద్యార్థి హాల్ టికెట్ తెచ్చి ఉండకపోవచ్చు. తెచ్చినా, ఉద్యోగికి ఇచ్చిన జాబితాలోనే పొరపాటు ఉండవచ్చు. లేదా అతడు చూసినది నిరుటి హాల్ టికెట్ కావచ్చు. ఏది కారణమో తెలుసుకోకుండా గోడ దూకి లోపలికి పోవడం విజ్ఞత అనిపించుకోదు. కంప్యూటర్ విద్యార్థులు నిత్యం వాడే గిట్ అనే సాధనంలోనూ ఇటువంటి కావలివారున్నారు. వారికే హుక్కులని పేరు. వారు అడ్డగించినప్పుడు కారణాన్ని ఏ క్రమంలో వెదకాలో వివరించడమే ఈ వ్యాసోద్దేశం.

హుక్కు అనగా నేమి?

లైనక్స్ కెర్నెల్ రచనలో పాల్గొనే వేలాది మంది మార్పులను క్రమబద్ధంగా భద్రపరచడానికి లైనస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్‌ను నిర్మించాడు. ఒక ప్రోగ్రామ్‌లో ఎవరు, ఎప్పుడు, ఏ మార్పు చేశారో ఇది చరిత్రగా నిలుపుతుంది. ఆ చరిత్రలో ఒక మార్పును నమోదు చేయడమే కమిట్. నమోదుకు ముందో వెనుకో గిట్ తనంతట తాను నడిపే చిన్న ప్రోగ్రామే హుక్కు.

కమిట్ సందర్భంలో ముఖ్యంగా మూడు హుక్కులను గుర్తుంచుకోవాలి. మొదటిది ప్రీ-కమిట్. ఇది వివరణ వ్రాయకముందే నడిచి, నమోదు కాబోయే విషయాన్ని పరిశీలిస్తుంది. రెండవది కమిట్-మెసేజ్ హుక్కు. మనం వ్రాసిన వివరణను ఇది పరిశీలిస్తుంది. మూడవదైన పోస్ట్-కమిట్ నమోదు ముగిసిన తరువాత నడుస్తుంది కనుక దానికి అడ్డగించే అధికారం లేదు.

హుక్కు తన తీర్పును మాటలతో చెప్పదు, సంఖ్యతో చెబుతుంది. ప్రతి ప్రోగ్రామూ ముగిసేటప్పుడు ఎగ్జిట్ కోడ్ అనే ఒక సంఖ్యను విడిచిపోతుంది. అది సున్న అయితే అనుమతి. మరే సంఖ్య అయినా నిరాకరణ. తెరపై కనిపించే మాటలు మన కోసం. గిట్ చూసేది ఆ సంఖ్యను మాత్రమే. ఈ భేదం తెలిస్తే సగం చిక్కులు విడిపోతాయి.

ఒక అనుభవం

నేను పర్యవేక్షించిన ఒక విద్యార్థి బృందం గ్రంథాలయంలోని తెలుగు, ఉర్దూ పుస్తకాల పట్టికను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని చేపట్టింది. గిట్‌తో పాటు నమూనాగా వచ్చే ప్రీ-కమిట్ హుక్కును వారు అమర్చుకున్నారు. ప్రతి పుస్తకానికీ ప్రవేశ సంఖ్య ఉన్నదో లేదో చూసే నియమాన్ని కూడా దానికి జోడించారు. పని చక్కగా సాగింది. ఒకనాడు ఒక విద్యార్థిని తెలుగు లిపిలో పేరు గల ఫైలును చేర్చబోగా హుక్కు అడ్డగించింది. తెరపై పది వరుసల ఆంగ్ల సందేశం వచ్చింది. ఎవరూ దానిని తుదివరకు చదవలేదు. "నో-వెరిఫై అని చేర్చు, పోతుంది" అని పక్కనున్న మిత్రుడు సలహా ఇచ్చాడు. నిజంగానే పోయింది. నాటి నుండి అందరికీ అదే అలవాటయింది.

మూడు వారాల తరువాత, మూల్యాంకనం మరునాడనగా చూస్తే, ప్రవేశ సంఖ్య లేని పుస్తకాలు పట్టికలో ఎన్నో కనిపించాయి. ఏ పుస్తకం ఏ బీరువాలో ఉన్నదో తెలియదు. ఆ రాత్రి బృందమంతా కూర్చుని పాత రిజిస్టరుతో ఒక్కొక్క పేరూ సరిచూడవలసి వచ్చింది. విచారకరమైన సంగతి ఏమంటే, ఆ నమూనా హుక్కు చూపే సందేశపు చివరి వరుసలోనే నివారణోపాయం ఉన్నది. 'హుక్స్.అలౌనాన్ఆస్కీ' అనే అమరికకు 'ట్రూ' అనే విలువ ఇస్తే ఇతర లిపుల పేర్లను అది అనుమతిస్తుంది. ఒక్క వరుస చదవనందుకు ఒక రాత్రి నిద్ర మూల్యమయింది.

పరిశీలనా క్రమం

వైద్యుడు రోగిని చూచే పద్ధతిలోనే దోషాన్ని కూడా క్రమంగా వెదకాలి. అందుకు ఐదు ప్రశ్నలు చాలును.

1. అడ్డగించినది ఎవరు? సందేశాన్ని మొదటి నుండి చివరి వరకు చదవండి. వివరణ వ్రాసే అవకాశం రాకముందే ఆగితే అది సాధారణంగా ప్రీ-కమిట్. వివరణ వ్రాసి ముగించిన తరువాత ఆగితే కమిట్-మెసేజ్ హుక్కును అనుమానించాలి. ఈ రెండవ సందర్భంలో మీరు వ్రాసిన వివరణ నశించదు, '.గిట్' ఫోల్డర్‌లో 'కమిట్-ఎడిట్-మెసేజ్' అనే ఫైలులో అది భద్రంగా ఉంటుంది.

2. హుక్కు అసలు నడిచిందా? అడ్డగించవలసినది అడ్డగించకపోవడమూ దోషమే. హుక్కులు సాధారణంగా '.గిట్' లోపలి 'హుక్స్' ఫోల్డర్‌లో ఉంటాయి. పేరు చివర '.శాంపిల్' అని ఉన్నంతకాలం గిట్ వాటిని పట్టించుకోదు. లైనక్స్‌లో ఆ ఫైలుకు నడిపే అనుమతి కూడా ఇవ్వాలి. 2016లో వెలువడిన 2.9 సంచిక నుండి 'కోర్.హుక్స్‌పాత్' అనే అమరికతో హుక్కులను వేరొక చోట ఉంచే వీలు కలిగింది. ఆ అమరిక ఉంటే పాత ఫోల్డర్‌లోని హుక్కును ఎంత సరిదిద్దినా ఫలితం ఉండదు.

3. హుక్కు మొదలు కాగలిగిందా? దానిని ఏ భాషతో నడపాలో ఫైలు మొదటి వరుస చెబుతుంది. విండోస్‌లో వ్రాసిన ఫైలును లైనక్స్‌కు తెచ్చినప్పుడు ఆ వరుస చివర కంటికి కనిపించని ఒక గుర్తు మిగిలిపోతుంది. అప్పుడు ఫైలు కళ్ళెదుట ఉండగానే "అటువంటి ఫైలు లేదు" అనే భావం గల సందేశం వస్తుంది. వరుసల ముగింపును లైనక్స్ పద్ధతికి మార్చితే దోషం తొలగుతుంది. టెర్మినల్‌లో సాగే కమిట్ ఎడిటర్ బొత్తాము నొక్కినప్పుడు సాగకపోతే, అవసరమైన ప్రోగ్రామ్‌లు ఎక్కడున్నాయో తెలిపే 'పాత్' రెండుచోట్లా ఒకటిగా లేదని అనుమానించాలి. షెల్‌లో 127 అనే సంఖ్యకు ఆజ్ఞ దొరకలేదని అర్థం. 126 అనగా దొరికినా నడపడం సాధ్యపడలేదని.

4. అది విడిచిన సంఖ్య ఏది? హుక్కును టెర్మినల్‌లో విడిగా నడిపి చూడండి. 2022లో వచ్చిన 2.36 సంచిక నుండి 'గిట్ హుక్ రన్' అనే ఆజ్ఞ ఇందుకే ఉన్నది. షెల్‌కు 'ఎక్స్' అనే సూచన ఇచ్చి నడిపితే ప్రతి ఆజ్ఞనూ తెరపై చూపుతుంది. ఏ వరుస వద్ద తడబడిందో తెలుస్తుంది. ఇక్కడ ప్రారంభకులు తరచుగా చేసే పొరపాటు ఒకటి ఉన్నది. నిషిద్ధమైన మాటను వెదకడానికి 'గ్రెప్' వాడి, దానినే హుక్కులో చివరి వరుసగా ఉంచుతారు. వెదకిన మాట దొరికితే గ్రెప్ 0 విడుస్తుంది, దొరకకపోతే 1 విడుస్తుంది. అంటే దోషమున్న ఫైలుకు అనుమతి, దోషం లేని ఫైలుకు నిరాకరణ! అక్కడ తీర్పును తలక్రిందులు చేసి వ్రాయాలి.

5. అది చూసినది దేనిని? గిట్ నమోదు చేసేది మీ ఎడిటర్‌లో కనిపించే ఫైలును కాదు. 'యాడ్' ఆజ్ఞతో నమోదుకు సిద్ధపరచిన ప్రతిని. తప్పు దిద్ది మరల 'యాడ్' చేయకపోతే, సిద్ధమైన ప్రతిని పరిశీలించే హుక్కు పాత తప్పునే చూసి మరల అడ్డగిస్తుంది. దీనికి విపర్యయం మరింత ప్రమాదకరం. హుక్కు ఎడిటర్‌లోని ఫైలును చదివి సరేనంటుంది. చరిత్రలోకి మాత్రం తప్పుల ప్రతి చేరుతుంది. కొన్ని హుక్కులు ఫైలును తామే సరిదిద్ది కమిట్‌ను ఆపివేస్తాయి. అప్పుడు సవరణలను ఒకసారి చూసి, మరల 'యాడ్' చేసి, కమిట్ చేస్తే చాలు.

మన లిపులు, వాటి లెక్కలు

తెలుగు, ఉర్దూ భాషలలో పనిచేసే మనకు మరి రెండు చిక్కులు ప్రత్యేకంగా ఎదురవుతాయి. ఒకటి ఫైలు పేర్లకు సంబంధించినది. తెలుగులో ఉన్న పేరును గిట్ మామూలుగా ఉన్నదున్నట్లు చూపదు. 340, 260 వంటి సంఖ్యల వరుసగా, కొటేషన్ గుర్తుల మధ్య చూపుతుంది. హుక్కు ఆ వరుసనే పేరుగా భావించి వెదికితే ఫైలు దొరకదు. 'కోర్.కోట్‌పాత్' అనే అమరికకు 'ఫాల్స్' అని విలువ ఇస్తే ఈ బాధ తప్పుతుంది. పేర్ల జాబితాను తెచ్చే ఆజ్ఞకు 'జెడ్' అనే సూచన చేర్చడం మరింత భద్రమైన మార్గం.

రెండవది వివరణ నిడివి. మొదటి వరుస 50 అక్షరాలకు మించరాదని నియమించే హుక్కులు అనేకం. కాని అక్షరాలకు బదులు బైట్లను లెక్కించే హుక్కులు కూడా ఉన్నవి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్లాక్షరానికి 1 బైటు, ఉర్దూ అక్షరానికి 2, తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. ఉర్దూలో 'కితాబ్' అని వ్రాస్తే నాలుగక్షరాలకు 8 బైట్లు. 'విద్యార్థి' అనే మాట మన కంటికి మూడే అక్షరాలు. కాని కంప్యూటర్‌కు అది గుణింతపు గుర్తులు, పొల్లులతో కలిపి 10 గుర్తులు, 30 బైట్లు. అటువంటి మాటలు రెండు వ్రాస్తే చాలు, 50 బైట్ల హద్దు దాటిపోతుంది. దోషం విద్యార్థిది కాదు, ఆంగ్లాన్ని మాత్రమే తలచుకొని వ్రాసిన నియమానిది. లెక్కించే పద్ధతిని సవరించడమే దీనికి మందు. మన భాషను విడిచిపెట్టడం కాదు.

గోడ దూకడం గురించి

'నో-వెరిఫై' అనే మాట ప్రీ-కమిట్, కమిట్-మెసేజ్ హుక్కులను రెండింటినీ తప్పిస్తుంది. హుక్కే చెడిపోయి, పని అత్యవసరమైనప్పుడు దానిని వాడడం తప్పు కాదు. అయితే వాడిన వెంటనే బృందానికి తెలియజేసి, హుక్కును బాగుచేయాలి. ఒక్క నియమాన్ని తప్పించుకోబోయి మిగిలిన నియమాలన్నింటినీ తప్పించుకున్నామని మా బృందానికి ఆలస్యంగా తెలిసింది.

మరొక సంగతి కూడా మరువరాదు. రిపోజిటరీని వేరొకరు క్లోన్ చేసుకున్నప్పుడు మన 'హుక్స్' ఫోల్డర్‌లోని హుక్కులు గాని, మన అమరికలు గాని వారి వెంట పోవు. ప్రతి కంప్యూటర్‌లోనూ వాటిని విడిగా ఏర్పరచుకోవాలి. కనుక తప్పనిసరి నియమాలను అందరూ పంపే సర్వర్ వద్ద, ప్రీ-రిసీవ్ హుక్కు ద్వారా కూడా అమలుపరచడం శ్రేయస్కరం. అక్కడ 'నో-వెరిఫై' చెల్లదు.

విద్యార్థి మిత్రులారా! నిరాకరణను అవమానంగా గాని, ఆటంకంగా గాని తలచవద్దు. అది ఒక ప్రశ్న. కావలివాడు కాదన్నప్పుడు, ఏమి చూసి కాదన్నాడో ముందుగా అడగండి. తప్పు మనదైతే దిద్దుకుందాం. అతనిదైతే అతనిని దిద్దుదాం. అతడు చెప్పే మాటను మాత్రం చివరి వరుస వరకు చదువుదాం.