అలెన్ బడికి వస్తున్న మా బిడ్డకు

ప్లేనో, జూలై

చిట్టితల్లీ,

మీ నాన్నకు డాలస్ బదిలీ ఖాయమైందని, నువ్వు అలెన్ హైస్కూల్లో పదో గ్రేడులో చేరతావని అమ్మ ఫోన్‌లో చెప్పింది. ప్రభుత్వ బడి కదా, ఫీజూ లేదు, ఎంట్రన్సూ లేదు. ఆ ఊళ్లో ఇల్లు తీసుకున్నారు కాబట్టి బడి దానంతటదే వచ్చింది. నువ్వు మాత్రం వాట్సాప్‌లో ఒక్కటే అడిగావు: "పెద్దమ్మా, అంతమందిలో నన్నెవరు పట్టించుకుంటారు?" అని. అందుకే తీరిగ్గా రాస్తున్నా.

నీ భయంలో తప్పేం లేదు. అలెన్ ఊరంతటికీ ప్రభుత్వ హైస్కూలు అదొక్కటే. తొమ్మిదో గ్రేడు పిల్లలకు వేరే భవనం ఉంది. పది, పదకొండు, పన్నెండు గ్రేడులే ఐదు వేల మంది దాకా ఉంటారు. హనుమకొండలో మీ సెక్షన్లో నలభై మంది, అందరి ఇంటిపేర్లూ నీకు తెలుసు. ఇక్కడ ప్రతి పీరియడుకూ గది మారుతుంది, పక్కన కూర్చునే పిల్ల మారుతుంది. మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చుని తినాలో తెలియక ఫోన్ చూస్తూ గడిపేసే పిల్లలను ఇక్కడ చాలామందిని చూశాను. వాళ్లలో మన పిల్లలూ తక్కువేం కాదు. మార్కులు బ్రహ్మాండంగా వస్తాయి, స్నేహితులు మాత్రం ఆన్‌లైన్‌లోనే.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. మొదటి నెలలోనే ఏదో ఒక జట్టులో దూరు. పతకాల కోసం కాదు. ఐదు వేల మంది బడి నీకు ముప్పై మంది బడి కావాలంటే అంతకన్నా దగ్గరి దారి లేదు.

ఆ బడిలో ఆటలనగానే నీకు అమెరికన్ ఫుట్‌బాల్ గురించే చెబుతారు. చెప్పనీ. 18,000 మంది కూర్చునే స్టేడియం, దాదాపు 6 కోట్ల డాలర్ల ఖర్చు, అదీ ఓటర్లు ఒప్పుకున్న బాండ్ల డబ్బుతో. హైస్కూలు పిల్లల ఆటకు ఇంత ఖర్చా అని మీ తాతయ్య నోరు వెళ్లబెడతారు, నేనూ వెళ్లబెట్టాను. 2012లో తెరిచారు, రెండేళ్లు తిరక్కుండానే కాంక్రీటు పగుళ్లిచ్చిందని మూసేశారు. 2014 సీజనులో సొంత ఊరి మ్యాచులు కూడా మా ప్లేనోకు వచ్చి ఆడుకున్నారు. తమాషా ఏమిటంటే ఆ ఏడాదీ రాష్ట్ర చాంపియన్లు వాళ్లే, వరసగా మూడోసారి. అప్పటి క్వార్టర్‌బ్యాక్ కైలర్ మర్రే అలెన్ తరఫున ఆరంభ క్వార్టర్‌బ్యాక్‌గా దిగిన 42 మ్యాచుల్లో ఒక్కటీ ఓడలేదు. 2019లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగు ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్టులో అందరికన్నా ముందు ఎంపికైంది అతనే. స్టేడియం చూసి బెదిరిపోకుండా ఉండాలనే ఇదంతా చెబుతున్నాను. ఆ బడిని నిలబెట్టింది అలవాటే తప్ప కాంక్రీటు కాదు. రెజ్లింగ్‌లో ఏళ్ల తరబడి రాష్ట్రంలో వాళ్లదే పైచేయి, దానికి ఏ స్టేడియమూ అక్కర్లేదు.

శుక్రవారం రాత్రి మ్యాచుకు మాత్రం తప్పకుండా వెళ్లు. ఆట అర్థం కాకపోయినా ఫరవాలేదు. విరామంలో బడి బ్యాండు మైదానంలోకి దిగుతుంది, ఆరు వందల మందికి పైనే. దేశంలోకెల్లా పెద్ద హైస్కూలు మార్చింగ్ బ్యాండని దానికి పేరు. పూర్వ విద్యార్థులు బడికి తిరిగొచ్చే హోంకమింగ్ రోజున అమ్మాయిలు ఛాతీ మీద పట్టు చామంతులు, మోకాళ్ల కిందికి జారే రిబ్బన్లు, చిన్న చిన్న గంటలు వేసుకుని గణగణలాడుతూ నడుస్తారు. చిన్న సైజు బతుకమ్మను మెడకు కట్టుకున్నట్టు ఉంటుంది. కొనాలంటే మాత్రం వందల డాలర్లు, మనం ఇంట్లోనే చేసుకుందాం.

ఇక నీ సంగతి. నువ్వు మీ బడిలో 800 మీటర్లు పరిగెత్తావు. క్రాస్ కంట్రీలో చేరు. ఇక్కడ అమ్మాయిలకు 5 కిలోమీటర్లు, ట్రాక్ మీద కాదు, గడ్డి మీద, మట్టి మీద, పార్కుల్లో. జట్టుకు ఏడుగురు పరిగెత్తితే మొదటి ఐదుగురి స్థానాలు కూడతారు. ఎవరి మొత్తం తక్కువైతే వాళ్లు గెలిచినట్టు. ఆరో అమ్మాయి, ఏడో అమ్మాయి లెక్కలోకి రారనుకునేవు. వాళ్లు అవతలి జట్టు ఐదో అమ్మాయిని దాటితే అవతలి వాళ్ల మొత్తం పెరుగుతుంది. వెనకాల పరిగెత్తేదానికీ పని ఉన్న ఆట ఇది. బడి ప్రధాన జట్టయిన వార్సిటీలో చోటు దొరక్కపోతే, దాని కింది జట్టయిన జేవీలో పరిగెత్తు. మొదటేడాది ఆఖర్న వచ్చినా ఎవరూ నవ్వరు. గీత దగ్గర నిలబడి నీ పేరు పెట్టి అరుస్తారు. ఆ పేరును తప్పుగానే పలుకుతారు, మెల్లగా దిద్దుకోవచ్చు.

మన వరంగల్ వైపు కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది కదా. బడిలో ఒక పీఈటీ సారు కన్ను పడబట్టి ఆమె పరుగు బయటికొచ్చింది. మన దగ్గర అలాంటి సారు దొరకడం అదృష్టం. ఇక్కడ కోచ్ ఉంటాడు, దెబ్బలు చూసే ట్రైనర్ ఉంటాడు, టైంటేబుల్లో ఆటకే ఒక పీరియడు ఉంటుంది. ఎవరి కన్నో పడేదాకా ఎదురుచూడక్కర్లేదు, నువ్వే వెళ్లి పేరివ్వాలి. పిలుస్తారని కూర్చుంటే మాత్రం ఎవరూ పిలవరు.

మీ నాన్న ఏమంటాడో నాకు తెలుసు. "ఆటలంటే చదువు అటకెక్కుతుంది వదినా" అంటాడు. ఈ ముక్క ఆయనకు చదివి వినిపించు. టెక్సాస్‌లో 1984 నుంచి ఒక చట్టం ఉంది. ఏ సబ్జెక్టులోనైనా 70 రాకపోతే కనీసం మూడు వారాలు పోటీల్లోకి దిగనివ్వరు. కొన్ని అడ్వాన్స్‌డ్ క్లాసులకే మినహాయింపు. బ్యాండుకూ అదే నియమం. కాబట్టి ఇక్కడ కోచ్‌కి కూడా నీ ఆల్జీబ్రా మార్కు కావాలి. పైగా ఫుట్‌బాల్ నడిపే యూఐఎల్ సంస్థే లెక్కల పోటీలూ స్పెల్లింగ్ పోటీలూ నడుపుతుంది. అందులో నంబర్ సెన్స్ అని ఒకటుంది, పది నిమిషాల్లో 80 లెక్కలు మనసులోనే చేయాలి, రాసినదాన్ని కొట్టేయకూడదు. అబాకస్‌కు ఫీజు కట్టిన నాన్నకు అది వినగానే ప్రాణం లేచొస్తుంది!

ఒక్కటి మాత్రం ఆయనదే న్యాయం. స్పోర్ట్స్ స్కాలర్‌షిప్పు ఆశ పెట్టుకోకు. హైస్కూల్లో ఆడేవాళ్లలో కాలేజీ జట్ల దాకా వెళ్లేది వందకు ఏడుగురే, వాళ్లలోనూ పూర్తి ఖర్చు దక్కేది కొద్దిమందికే. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో నేరుగా సీటు కావాలంటే క్లాసులో పై 5 శాతంలో ఉండాలి. మీ బ్యాచిలో పదిహేను వందల మంది ఉన్నారనుకుంటే ఆ గీతకు పైన మిగిలేది 75 మంది. ర్యాంకు కోసం పిల్లలు ఎలా నలిగిపోతారో నేను కళ్లారా చూశాను. పొద్దున్నే నాలుగు కిలోమీటర్లు పరిగెత్తే పిల్ల ఆ నలుగుడును కొంచెం తేలిగ్గా తట్టుకుంటుందని నా నమ్మకం.

నొప్పి ఉంటే దాచకు. ఆగస్టులో ఇక్కడి ఎండ మన వరంగల్ మే నెలను గుర్తుచేస్తుంది, నీళ్ల సీసా ఎప్పుడూ దగ్గరుండాలి. సగం సీజనులో మానేస్తే జట్టుకు ఇబ్బంది కాబట్టి, నచ్చకపోయినా నవంబరు దాకా ఉండి ఆ తర్వాతే మానేయి.

ప్రాక్టీసు ఆగస్టు మొదట్లోనే, బడి తెరవకముందే మొదలవుతుంది. డాక్టరు పరీక్ష యూఐఎల్ ఫారం మీదే చేయించాలి, అది ఇక్కడికొచ్చాక నేను చూసుకుంటాను. నువ్వు టీకాల కాగితాలు, తొమ్మిదో తరగతి మార్కుల మెమో చేతి సంచిలో పెట్టుకో. మీ నాన్న ఆగస్టు పదిహేనుకు టికెట్లు చూస్తున్నాడట. జూలై ఆఖరుకు మార్పించమని ఇవాళే చెప్పు.

మీ పెద్దమ్మ