హారం తెలిస్తే ‘మిట్’ వచ్చినట్టే

ప్లేస్‌మెంట్ టెస్టులో వెర్బల్ సెక్షన్ అనగానే మా బ్యాచ్‌లో తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు సగం ధైర్యం వదిలేస్తారు. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు మాత్రం వాళ్లని చూస్తే ఒకటే అనిపిస్తుంది: ఆ సెక్షన్‌కి కావాల్సిన పనిముట్టు వాళ్ల దగ్గర ముందే ఉంది. దాని పేరు ఉపసర్గ. ఇంగ్లీష్‌లో ప్రిఫిక్స్.

సంస్కృతం నుంచి మనకొచ్చిన ఉపసర్గలు 22 అని వ్యాకరణం చెప్తుంది. వాటిని ‘హారం’ ముందు పెట్టి చూడండి: ఆహారం, విహారం, సంహారం, పరిహారం. చివర ఒకటే, అర్థాలు ఎక్కడెక్కడికో పోయాయి. ఇంగ్లీష్‌లో ‘మిట్’ కూడా అంతే. లాటిన్‌లో దాని మూలార్థం పంపడం. ‘ట్రాన్స్’ అంటే అవతలికి, కాబట్టి ట్రాన్స్‌మిట్ అంటే ప్రసారం చేయడం. ‘పర్’ అంటే గుండా, కాబట్టి పర్మిట్ అంటే వెళ్లనివ్వడం, అంటే అనుమతి. అసైన్‌మెంట్ సబ్‌మిట్, హాస్పిటల్లో అడ్మిట్, గిట్‌లో మనం కొట్టే కమిట్ అన్నీ ఈ కుటుంబమే.

ఇక స్పెల్లింగ్. ‘కాదు’ అని చెప్పే ‘ఇన్’, లీగల్ ముందు ఇల్లీగల్ అవుతుంది, రెగ్యులర్ ముందు ఇర్రెగ్యులర్ అవుతుంది. రెండు ఎల్‌లు, రెండు ఆర్‌లు ఎందుకని బట్టీ పట్టక్కర్లేదు. ఉత్ + లాసం ఉల్లాసం అయినట్టే ఇదీ. పక్క అక్షరాన్ని బట్టి ముందుది మారిపోతుంది. మన సంధి లాంటిదే!

ఒక జాగ్రత్త. ‘ఇన్’ కనపడిన ప్రతిచోటా ‘కాదు’ అనుకోకండి. ట్యాంకర్ మీద ఇన్‌ఫ్లేమబుల్ అని ఉంటే మండనిది అని కాదు, తేలిగ్గా మండేది అని. అక్కడ ‘ఇన్’ అంటే లోపలికి. ఇన్‌వాల్యుబుల్‌లో ఉన్నది ‘కాదు’ అనే ‘ఇన్’నే, కానీ అర్థం విలువ లేనిది కాదు, వెలకట్టలేనిది. మన ‘అమూల్యం’ సరిగ్గా అదే కదా. (ఈ ‘అ’ ఆ 22లో లేదు, పని మాత్రం అలాంటిదే.) అలాగే అమ్మలో ‘అ’ వ్యతిరేకం కానట్టే, అంకుల్‌లో ‘అన్’ ప్రిఫిక్స్ కాదు. ముందు ముక్క తీసేశాక, మిగిలినదానికి మాటగానో, ‘మిట్’ లాంటి మూలంగానో అర్థం ఉండాలి.

ఇప్పుడు మీ వంతు. ‘హారం’లోని హృ ధాతువుకి తీసుకుపోవడం అని అర్థం. లాటిన్ నుంచి వచ్చిన ‘పోర్ట్’కి మోయడం అని. ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్, రిపోర్ట్, సపోర్ట్... ఒక్కో మాటనీ మీరే విడగొట్టి చూడండి. మీ రూమ్‌లో తెలుగు మీడియం వాళ్లుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. సంధులు వాళ్లు చెప్తారు, స్పెల్లింగులు మీరు చెప్పండి.